ఏం ముట్టుకోకూడదు?

తుప్పు కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపు గొళ్ళెం చూస్తాను, కిటికీ ఊచలు చూస్తాను, ఆ తర్వాతే ఇంటివాళ్ళని చూస్తాను. "మనుషుల మొహాలు చూడ్డం మీరెప్పుడు నేర్చుకుంటారో!" అంటుంది మా ఆవిడ. మా వంటింటి గొళ్ళెం ఊడిపోయి ఆర్నెల్లయింది. అది వేరే సంగతి.

నాది గడియారాల రిపేరు కొట్టు. ఒక బల్ల, ఒక దీపం, కంటికి బిగించుకునే భూతద్దం, గోడ నిండా తలో టైము చూపించే గడియారాలు. ఇప్పుడు గడియారం కట్టుకునేవాళ్ళెవరు? కొట్టులో పనికి కరువేమో గానీ టైముకి కరువు లేదు. ఆ ఖాళీలోనే నాకు జేబు చాకుల పిచ్చి పట్టింది. మడత చాకులు. కోసే అలుగు తెరుచుకున్నప్పుడు ఒక 'టిక్', మూసుకున్నప్పుడు ఒక 'టక్'. ఆ రెండు చప్పుళ్ళూ సరిగ్గా పలికితే ఆ పూట నాకు అన్నం అక్కర్లేదు. ఎంత మొండి తుప్పు పట్టిన అలుగునైనా సరే, ఇనుము రుద్దే ఎమరీ కాగితంతో మొదలుపెట్టి పాలిష్ ముద్దతో ముగించి, అందులో చూసుకుని తల దువ్వుకునేలా చేస్తాను. అందుకే మావాళ్ళు నాకు 'అద్దం' అని పేరు పెట్టారు. ఆ పేరంటే నాకు మహా గర్వంగా ఉండేది. ఉండేది అంటున్నాను, గమనించండి.

మావాళ్ళంటే నాతో కలిపి నలుగురం. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నా కొట్టులో షట్టరు సగం దించి కూర్చుంటాం. డ్రాయింగు మాస్టారు రిటైరై పదేళ్ళయింది, అయినా రోజూ అరడజను పెన్సిళ్ళు చాకుతో చెక్కందే ఆయనకి తెల్లవారదు. ఇంకొకడు బస్సు కండక్టరు, వాడి దగ్గర ముప్ఫైరెండు చాకులున్నాయి, ఒక్కదానితోనూ వాడు ఏమీ కొయ్యడు. "అరిగిపోవూ?" అంటాడు. నాలుగో మనిషి అంట్లక్క. ఆవిడకి మొక్కల నర్సరీ ఉంది, అంట్లు కడుతుంది. కండక్టరు కొత్తగా వచ్చిన రోజున ఆ పేరు విని, పాపం జాలిపడి, "ఎన్నిళ్ళలో తోముతావక్కా?" అని అడిగాడు. "నేను తోమనురా నాయనా, కడతాను. మొక్కకి మొక్కని" అంది ఆవిడ. ఆ నవ్వు మాకు ఒక నెల సరిపోయింది. నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను అన్నయ్యా అంటుంది, అయినా పేరుకి అందరికీ అంట్లక్కే.

బల్ల మీద ఒక పచ్చ గుడ్డ పరుస్తాం. అందరం చాకులు తీసి దాని మీద పెడతాం. వరసగా ఒక్కొక్కరినీ అడుగుతాం, "ఈ వారం ఏం కోశావు?" అని. మాస్టారు పెన్సిళ్ళ లెక్క చెబుతారు. అంట్లక్క ఎన్ని అంట్లు కట్టిందో చెబుతుంది. నేను తోలు పట్టీలంటాను. కండక్టరు "పేపరు" అంటాడు, ఏం పేపరని అడిగితే "కొత్త చాకు వచ్చిన పార్సిలు పేపరు" అంటాడు. చెయ్యి మారేటప్పుడు చాకు మూసి ఇవ్వాలి. తిరిగి ఇచ్చేటప్పుడు అలుగు తుడిచి ఇవ్వాలి, ఎందుకంటే చేతి చెమట ఇనుముకి పడదు. వేలిముద్ర వదిలేసి ఇవ్వడమంటే మా దగ్గర పెద్ద మోటుతనం.

ఇంకో రూలు కూడా ఉంది. అది మాస్టారు పెట్టింది. ఒకప్పుడు ఆయన చాకు పిడి మీద చిన్న చిన్న గాట్లుండేవి. కండక్టరు ఒకరోజు నూనె పెడతానని పట్టుకెళ్ళి, పన్లో పనిగా ఇసుక కాగితంతో ఆ గాట్లన్నీ నున్నగా తీసేశాడు. అవి మాస్టారు బడిలో పనిచేసిన ఏళ్ళట. ఏడాదికొకటి, మొత్తం ముప్ఫైఒకటి. ఆయన వాణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి మాత్రం, ఎవరైనా ఇంకొకరి చాకు బాగుచెయ్యడానికి తీసుకుంటే ముందు, "ఏం ముట్టుకోకూడదు?" అని అడిగి తీరాలన్నారు. మాస్టారు ఏమీ అనకపోయినా కండక్టర్ని నాలుగు వారాలు ఏడిపించింది నేను. "ఇసుక కాగితం" అని పిలిచేవాణ్ణి. వాడు ఒక ఆదివారం రావడం కూడా మానేశాడు.

ఇక అంట్లక్క చాకు సంగతి చెప్పాలి. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ చెప్పాలి.

అది వాళ్ళ నాన్న చాకు. ఆయనా అంట్లు కట్టేవాడే. కొమ్ము పిడి, ఒకే అలుగు. అరిగి అరిగి అలుగు సన్నబడిపోయింది. పాతకాలపు మెత్తటి ఇనుము, తడి తగిలితే చాలు నల్లబడుతుంది. ఆ ఆదివారం దాని కీలు వదులయి అలుగు అటూ ఇటూ కదులుతోంది. "కోత వంకర పోతోందన్నయ్యా. గురువారానికి నలభై నిమ్మ అంట్లు కట్టి ఇవ్వాలి. కాస్త బిగించి పెట్టవూ?" అంది.

"ఇలా ఇవ్వమ్మా, ఎంతసేపు!" అని చెయ్యి చాచాను.

ఆవిడ ఇవ్వబోయి ఆగింది. "అన్నయ్యా, అలుగు మొదట్లో, ఇదిగో ఇక్కడ..." అని ఏదో చెప్పబోయింది.

"నాకు చెప్పకమ్మా! నలభై ఏళ్ళ చెయ్యి. వెంట్రుకంత స్ప్రింగులు బిగించినవాణ్ణి" అన్నాను.

మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "రూలు ప్రకారం అడగాలిగా?"

"నన్ను అడగమంటారేంటి మాస్టారూ? నేనేమన్నా ఇసుక కాగితాన్నా?"

అందరూ నవ్వారు. కండక్టరు కూడా నవ్వాడు, వాడి నవ్వు వాడి దగ్గరే ఆగిపోయింది. అంట్లక్క కూడా నవ్వి, చాకు మూసి నా చేతిలో పెట్టింది. అన్నయ్యనే కదా, నమ్మింది.

సోమవారం మధ్యాహ్నం పని మొదలుపెట్టాను. కీలు బిగించడం ఎంత, చిన్న సుత్తితో రివెట్టు మీద ఆరేడు దెబ్బలు. పావుగంటలో అయిపోయింది. అలుగు టిక్ మంది, టక్ మంది. మూసేసి డ్రాయరులో పడేసి ఉంటే ఈ కథ లేదు. భూతద్దం కంట్లోనే ఉంది, అదీ నా ఖర్మ. అలుగు మొదట్లో, పిడికి దగ్గరగా, ఒక నల్లటి మరక కనిపించింది. అలుగంతా లేత బూడిద రంగులో ఉంటే అక్కడ మాత్రం సిరా చుక్క పడ్డట్టు ఉంది. దీపం దగ్గరికి జరిపి చూశాను. గీతలు గీతలుగా ఉంది. వేలిముద్ర.

వేలిముద్ర అని నాకు తెలిసింది. అక్కడే ఉంది అసలు సంగతి. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు. తడి వేలితో పట్టుకుని, తుడవకుండా మూసేస్తే, ఆ చెమట ఇనుమును తిని అలా ముద్ర పడిపోతుంది. చాకుల పిచ్చి ఉన్నవాళ్ళకి ఇది బడిపిల్లలకి అక్షరాలంత బాగా తెలుసు. 'అయ్యో, ఈవిడ ఇంత శుభ్రంగా ఉండే మనిషి, ఇంత అశ్రద్ధేంటి! నలుగురిలో ఎవరైనా చూస్తే నవ్విపోరూ!' అనుకున్నాను. ఆవిడ పరువు కాపాడుతున్నాననుకున్నాను. నిజం చెప్పాలంటే ఆవిడ పరువు మీద నాకంత బెంగ లేదు, చేతి దురద అంతే.

మరక మొండిది. లోతుకి పాకింది. ముందు గరుకు ఎమరీ, తర్వాత నున్నటిది, తర్వాత ఇంకా నున్నటిది, ఆపైన పాలిష్ ముద్ద. గోడ మీద గడియారాలన్నీ తలో మాట చెబుతాయి గానీ, నేను నమ్మేది ఒకటుంది. దాని ప్రకారం గంటన్నర పట్టింది. చివరికి అలుగు మీద చుక్క మచ్చ లేదు. నా మొహం, నా నెరిసిన కనుబొమ్మలు, కంట్లో భూతద్దం, అన్నీ అందులో కనిపించాయి. ఈలేసుకుంటూ ఇంటికెళ్ళాను. వంటింటి గొళ్ళెం కూడా బిగిస్తానని మా ఆవిడకి మాటిచ్చాను. అంత హుషారు.

మంగళవారం మాస్టారు చేతి గడియారానికి పట్టీ మార్పించుకోవడానికి వచ్చారు. నేను ఆగలేక చాకు తీసి ఆయన ముందు తెరిచాను. "చూడండి! ఎలా ఉంది?"

ఆయన తీసుకున్నారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. "మరకేది?" అన్నారు.

"తీసిపారేశాను! గంటన్నర పట్టింది మాస్టారూ. దొంగముండా మరక."

ఆయన చాకు మూసి బల్ల మీద పెట్టేశారు. నేనే, "ఏమైంది?" అన్నాను.

"అది వాళ్ళ నాన్న బొటనవేలు" అన్నారు.

నాకు మొదట అర్థం కాలేదు.

"నాలుగేళ్ళ కిందట. ఆయన ఆ పొద్దున నిమ్మకాయ కోసి వాసన చూశాడట. ఆ తడి చేత్తోనే అలుగు పట్టుకుని మూసి జేబులో వేసుకున్నాడట. పది అడుగులు వేసి మొక్కల మధ్య కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. వారం తర్వాత ఆ పిల్ల చాకు తెరిచి చూస్తే వేలిముద్ర పడి ఉంది. ఆయనకి చదువు రాదు, సంతకం రాదు. ఫొటోలు దిగడమంటే భయం. ఆయనదంటూ మిగిలింది అదొక్కటే. నాలుగేళ్ళుగా దాని చుట్టూ నూనె రాసి కాపాడుకుంటోంది. ప్రతి అంటు కట్టే ముందు దాని మీద తన వేలు ఆన్చి మొదలుపెడుతుంది. నీకు తెలీదా?"

"నాకెవరు చెప్పారు?"

"అదేంటయ్యా! ఇక్కడే, ఈ బల్ల దగ్గరే చెప్పింది. కండక్టరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. నువ్వు ఉన్నావు. చెవులెక్కడ పెట్టుకున్నావు?"

చెవులెక్కడున్నాయో నాకు గుర్తొచ్చింది. ఆ రోజు కండక్టరు కొత్త చాకు తెచ్చాడు. దాని స్ప్రింగు ఏ రకమా అని నేను భూతద్దం పెట్టుకుని దానిలోనే తలదూర్చాను. అంట్లక్క ఏదో చెబుతోంది, వాళ్ళ నాన్న గురించి, వేలు గురించి, ఏదో కాగితం గొడవ గురించి. నేను మధ్య మధ్యలో "ఊఁ, ఊఁ" అన్నాను. కండక్టరు ముక్కు చీదుకుంటే జలుబేమో అనుకున్నాను.

తల కొట్టేసినట్టయింది. "ఇప్పుడెలా మాస్టారూ?" అన్నాను.

"ఎలా ఏముంది? ఇవాళే వెళ్ళి చెప్పు. నేను చెప్పను. నువ్వు చేసింది నువ్వే చెప్పుకోవాలి." పట్టీ కూడా మార్పించుకోకుండా వెళ్ళిపోయారు.

వెళ్దామనే చొక్కా తొడుక్కున్నాను. షట్టరు దించాను. వీధి చివరి దాకా నడిచాను కూడా. అక్కడ నిలబడి, ఏమని మొదలుపెట్టాలో వెతుక్కున్నాను. 'అమ్మా, పొరపాటయింది' అనాలా? పొరపాటా అది? గంటన్నర పని. కండక్టర్ని నాలుగు వారాలు ఏడిపించిన నోటితో ఇది చెప్పాలి. వాడి మొహం గుర్తొచ్చింది. వాడు ఒక్క మాట అననక్కర్లేదు, నవ్వితే చాలు, నేను చచ్చిపోతాను. వెనక్కి తిరిగి వచ్చేశాను. ఇంట్లో మా ఆవిడ, "గొళ్ళెం బిగిస్తానన్నారు?" అంది. కస్సుమన్నాను. ఆవిడ చేసిన పాపమేమీ లేదు, పాపం.

బుధవారం పొద్దున మంచినీళ్ళు తాగుతుంటే, గ్లాసు మీద నా వేలిముద్ర కనిపించింది. ఆ క్షణంలో నా బుర్రలోకి వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. అసలు చేసినదానికంటే ఇదే ఎక్కువ సిగ్గు.

ముందు ఒక పాత చాకు మీద చేసి చూశాను. అలుగుని సబ్బు నీళ్ళతో కడిగి జిడ్డు లేకుండా తుడవాలి. బొటనవేలికి నిమ్మరసం, చిటికెడు ఉప్పు. వేలు ఆన్చి, కదపకుండా పది లెక్కపెట్టి తీసి, తడి గుడ్డలో చుట్టి ఉంచాలి. మధ్యాహ్నానికి నల్లటి గీతలు పడ్డాయి. చక్కగా. అప్పుడు అంట్లక్క చాకు తీశాను. అలుగంతా అద్దంలా ఉంటే అనుమానం వస్తుందని ముందు టీ నీళ్ళలో నానబెట్టి బూడిద రంగు తెప్పించాను. తర్వాత అలుగు మొదట్లో, మరక ఎక్కడుండేదో సరిగ్గా అక్కడ, నా కుడి బొటనవేలు ఆన్చాను.

సాయంత్రం గుడ్డ విప్పి చూస్తే అచ్చంగా కుదిరింది. పని కుదిరినందుకు నాకు సంతోషం కూడా వేసింది. ఛీ, ఏం మనిషినండీ నేను! మెత్తటి గుడ్డతో కాస్త రుద్ది, నూనె రాసి, నాలుగేళ్ళ ముసలితనం తెప్పించాను. వేలిముద్రలన్నీ ఒకేలా ఉంటాయిలే, గుండ్రంగా చుట్లు చుట్లుగా, ఎవరు గుర్తుపడతారని నాకు నేనే చెప్పుకున్నాను.

గురువారం తెల్లవారగానే నర్సరీకి వెళ్ళాను. అంట్లక్క రేకుల షెడ్డు కింద బల్ల దగ్గర నిలబడి ఉంది. ముందు నల్ల సంచుల్లో చిన్న చిన్న నిమ్మ మొక్కలు, పక్కన తడి గోనెలో చుట్టిన కొమ్మలు. "వచ్చావా అన్నయ్యా! నీ కోసమే చూస్తున్నాను" అని చేతులు తుడుచుకుని చాకు తీసుకుంది. తెరిచింది. టిక్. బొటనవేలు తీసుకెళ్ళి ఆ ముద్ర మీద ఆన్చింది.

ఆన్చి, అలాగే ఉండిపోయింది. తర్వాత వేలు తీసి, చాకు వెలుతురుకి తిప్పి చూసింది. నేను మొక్కల సంచులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదిహేడు దాకా వచ్చాను.

"కీలు బాగా బిగించావన్నయ్యా" అంది. చాకు మూసేసింది.

టీ తాగి వెళ్ళమంది. వద్దన్నా వినలేదు. వెళ్ళేటప్పుడు ఒక నిమ్మ మొక్క నా చేతిలో పెట్టి, "వదినకియ్యి" అంది. దారి పొడవునా దాన్ని మోసుకొస్తూ గండం గడిచిందనుకున్నాను. మొక్క మరీ బరువేం కాదు, అయినా చేతులు లాగేశాయి.

ఆదివారం వచ్చింది. పచ్చ గుడ్డ పరిచాను. మాస్టారు నావైపు చూసి, 'చెప్పావా?' అన్నట్టు కళ్ళెగరేశారు. నేను తలూపాను. అంటే ఏమిటో ఆయనకే వదిలేశాను.

వరస మొదలైంది. మాస్టారు పెన్సిళ్ళన్నారు. కండక్టరు ఈసారి నిజంగానే జామకాయ కోశానన్నాడు, అందరం చప్పట్లు కొట్టాం. అంట్లక్క వంతు వచ్చింది.

"ఏం కొయ్యలేదు" అంది.

"అదేంటక్కా! నలభై అంట్లు కట్టాలన్నావు?" అన్నాడు కండక్టరు.

"కట్టాను. గడ్డం బ్లేడుతో కట్టాను."

కండక్టరు ఆవిడ చాకు అందుకుని తెరిచాడు. "కీలు గట్టిగానే ఉందిగా! ఇదిగో, నాన్నగారి వేలు కూడా అలాగే ఉంది." వాడు వేలు తగలకుండా ఎంతో మర్యాదగా పట్టుకుని మాస్టారికి చూపించాడు. ఇసుక కాగితం అని నేను పిలిచినవాడు.

మాస్టారు ఆ ముద్రని చూశారు. మంగళవారం అక్కడ ఏమీ లేదని ఆయనకి తెలుసు. ఆయన మొహంలో రంగు మారిపోవడం నేను చూశాను. నోరు తెరవబోయారు.

"అవును. అలాగే ఉంది" అంది అంట్లక్క, ఆయన కంటే ముందు. "అన్నయ్య పని అంటే పనే." చాకు తీసుకుని, మూసి, తన ముందు పెట్టుకుంది. మాస్టారు నోరు మూసుకున్నారు. ఆ తర్వాత నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. వెళ్ళేటప్పుడు ఆయన గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ చాలాసేపు తడుముకున్నారు.

కండక్టరూ వెళ్ళాడు. అంట్లక్క మాత్రం లేవలేదు.

"కూర్చో అన్నయ్యా" అంది. నా కొట్టులో నన్ను కూర్చోమంది, నేను కూర్చున్నాను.

"మా నాన్న బొటనవేలికి అడ్డంగా ఒక కోత ఉండేది. మొదటి అంటు కట్టిన రోజు తెగిందట. ముద్ర వేస్తే చుట్ల మధ్య నుంచి తెల్లగా ఒక గీత పడేది. చాకు మీద కూడా పడింది. నేను రోజూ ఆ గీత మీదే వేలు ఆన్చేదాన్ని."

నేను పచ్చ గుడ్డ అంచు సర్దాను.

"కాగితం సంగతి చెప్పాను కదా ఇక్కడ. గుర్తుందా?"

"లేదమ్మా" అన్నాను. ఆ వారం మొత్తంలో నేను ఆవిడతో చెప్పిన మొదటి నిజం అదే. "వినలేదు."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బావుండేది.

"మా బాబాయి, నర్సరీలో సగం తనకి రాసిచ్చినట్టు కాగితం పుట్టించాడు. కింద నాన్న వేలిముద్ర. పంచాయితీకి పెద్దమనుషులు కూర్చున్నారు. నాన్న లేచి బొటనవేలు చూపించాడు. ఈ కోత కాగితం మీద ఏదీ అని అడిగాడు. అక్కడ లేదు. అది బాబాయి వేలు. నేలైతే మాకు దక్కింది గానీ, ఆ రోజు ఇంటికొచ్చి నాన్న ఏడ్చాడన్నయ్యా. 'చదువు లేక సంతకం ఎలాగూ లేకపోయె. ఉన్నది ఒక్క వేలు. అది కూడా నాది కాకుండా చేశారే' అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే."

"అమ్మా..." అన్నాను.

"చెరిగిపోయిందని చెబితే ఏడ్చేదాన్ని. రెండ్రోజులు నీతో మాట్లాడేదాన్ని కాదు. తర్వాత మామూలే. చేతిలో పని, పోయింది, ఏం చేస్తాం? కానీ మా నాన్న పేరున దొంగ వేలిముద్ర వేసినవాళ్ళలో నువ్వు రెండోవాడివి అన్నయ్యా."

ఆవిడ ఆ మాట మామూలుగానే అంది, నీళ్ళు అయిపోయాయి అన్నట్టు. నేను రెండు చేతులతో మొహం కప్పుకున్నాను. కప్పుకుంటే ఆ బొటనవేలే నుదుటికి తగిలింది. తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"వాళ్ళ ముందు ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను చివరికి.

"కండక్టర్ని నువ్వేం చేశావో చూశాను కదా. నిన్ను ఎవరైనా అలా చేస్తే నేను చూడలేను."

చాకు తెరిచింది. టిక్. తెరిచిన చాకుని పచ్చ గుడ్డ మీద పెట్టి నావైపు జరిపింది.

"తీసెయ్యి. నీ వేలు పెట్టుకుని నేను కొయ్యలేను."

ఎమరీ కాగితం తీశాను. పాలిష్ ముద్ద తీశాను. చాకు పట్టుకున్నాను. అప్పుడు, ఎందుకో, అలవాటో, ఆశో, నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. అడగాల్సిన రోజు అడగనిది.

"ఏం ముట్టుకోకూడదమ్మా?"

అంట్లక్క నన్ను చూసింది. ఆ వారం రోజుల్లో మొదటిసారి ఆవిడ కళ్ళలో నీళ్ళు కనిపించాయి.

"ఇంకేం లేదన్నయ్యా. అంతా నీ ఇష్టమే" అంది.

రుద్దాను. వాళ్ళ నాన్న వేలు తియ్యడానికి నాకు గంటన్నర పట్టింది. నాది నాలుగు రోజుల వేలు. గట్టిగా పది రుద్దులు కూడా రుద్దకుండానే పోయింది. అలుగు తుడిచి, చాకు మూసి, ఆవిడ చేతికిచ్చాను.